ఎత్తొద్దన్న ఫోనులో గూఢచారి పాట

స్వరాలు రాసిన కాగితం ఖాసిం చాచా చేతికి ఎన్నడూ రాలేదు. ఆయన బ్యాండు వాయించిన పాటలన్నీ చెవిన పడినవే. కేసముద్రంలో మార్కెట్ యార్డు వెనక ఆయన రేకుల షెడ్డు, దాన్ని ఆనుకొని మా గోడ. కొత్త పాట దొరికిన రోజుల్లో మధ్యాహ్నాలన్నీ ఒక వరసలో గడిచేవి. ముందు ముక్కుతో మూలిగేవాడు. తర్వాత నోటితో "పాపరప్పా" అని పాడేవాడు. అది నోట్లో నాని మెత్తబడ్డాకే ట్రంపెట్ ముట్టేవాడు. గోడకు ఇవతల కూర్చొని అలా ఎన్ని పాటలు పుట్టడం విన్నానో నాకే లెక్క లేదు.

అయితే ఒక పాట మాత్రం ఆయనను బాగా తిప్పలు పెట్టింది. 2011లో, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి.

జగపతి పటేలు బిడ్డ స్రవంతి పెళ్లి కుదిరింది. దసరా దాటిన వారంలో ముహూర్తం. ఆ పిల్ల తానే షెడ్డుకు వచ్చింది.

"చాచా, మా అమ్మానాయినల పెండ్లికి నువ్వే ఊదినవట గదా."

"ఊదిన బిడ్డా. మీ నాయిన గుర్రం మీద గజగజ వణికిండు. బాకా ఆపుమని దండం పెట్టిండు."

"నా పెండ్లికి గూడ నువ్వే రావాలె. గని బరాత్ ఊరేగింపుల గా గూఢచారి సినిమా పాట పడాలె. బొంబాయి పాప్ సింగర్ పాడింది చూడు, గది."

"పడ్తది తియ్యి," అన్నాడు చాచా. ఆ పాట ఆయన అప్పటికి ఒక్కసారి కూడా వినలేదు.

వెనకే నిలబడ్డ అన్న విశాల్‌కు ఆ సంగతి అర్థమైంది. "చాచా, మాటిచ్చుడు అల్కనే. వరంగల్‌ల డీజేకు నేను చెప్పిపెట్టిన. బరాత్‌కు రెండు రోజుల ముందు మా వాకిట్ల ఆ పాట వాయించి చూపియ్యి. మంచిగుంటె నువ్వు. లేకుంటె డబ్బాలు దిగుతయ్," అన్నాడు.

ఆ ఏడు అప్పటికే మూడు పెళ్లిళ్లు డీజే డబ్బాలకు పోయాయి. పటేలు ఇల్లు కూడా పోతే ఇక ఊళ్లో బ్యాండును పిలిచేవాళ్లు ఉండరు. చాచా వెంట పదకొండు మంది వాయిద్యగాళ్లు ఉన్నారు.

పాట వినాలంటే దారేది? భూపాలపల్లి గనుల్లో బొగ్గు తీసేవాళ్లు సమ్మెలో ఉన్నారు. కరెంటు ఎప్పుడొచ్చి ఎప్పుడు పోతుందో తెలియదు. టీవీలు మూగబోయాయి. సెల్లుల్లోకి పాటలు ఎక్కించే దుకాణానికి తాళం పడింది.

దారి చూపింది చాచా భార్య షహనాజ్ బేగం. పెళ్లికూతురి జాకెట్లు ఆమే కుడుతోంది. కొలత అడగడానికి విశాల్‌కు ఫోన్ చేసి, ఉన్నట్టుండి కేక పెట్టింది.

"అజీ, జల్దీ ఆవో! పటేలు కొడుకు ఫోన్ల ఎవరో పిల్ల పాడుతుంది!"

చాచా పరుగున వచ్చి ఫోను చెవికి పెట్టుకునేసరికి, "హలో, చెప్పు చాచీ," అన్నాడు విశాల్.

"చాచీ కాదు, నేను. ఎందుకెత్తినవ్ బాబూ?"

"ఫోన్ చేస్తె ఎత్తరా?"

"నేను చేస్తె ఎత్తకు. నీ కాలర్ ట్యూన్‌ల ఉన్నది గదే పాట గదా? నాతోని నీకేం పని లేదు, జర పాట విననియ్యి."

ఆ రోజు నుంచి మధ్యాహ్నాలన్నీ విశాల్ ఫోనుతోనే. యార్డులో బేరాలాడే మనిషి, మోగితే ఎత్తడం చేతికి అలవాటు. "ఎత్తినవా మల్ల! గిప్పుడిప్పుడే చెవి పట్టింది," అని చాచా అరిచేవాడు. "తప్పయింది చాచా, మల్ల చెయ్యి," అని అతను పెట్టేసేవాడు. ఎత్తకుండా ఉంటే అర నిమిషం పాట వినిపించేది. తర్వాత తెగిపోయేది.

ఒకనాడు చాచా గోడ మీదుగా తల ఎత్తి నన్ను అడిగాడు. "తమ్మీ, నువ్వు పేపర్ చదువుతవ్ గదా. గా సినిమల ఏముంటది?"

"గూఢచారి కథ చాచా. ఎవరికీ దొరకకుండ దేశం కోసం తిరుగుతడట."

"దొరకకుండ తిరిగేటోనికి గింత లొల్లి పాట ఎందుకే? వీని సప్పుడుకే దొరుకుతడు గద!"

చాచా ఆ ప్రశ్నను వదలలేదు. మర్నాడు షెడ్డులోంచి ఎవరో గుసగుసలాడినట్టు ట్రంపెట్ వినిపించింది. చూస్తే దాని మూతిలో షహనాజ్ బేగం పాత చున్నీ కుక్కి ఉంది. బ్యాండు మొత్తం మునివేళ్ల మీద నడుస్తోంది. కొంత దూరానికి ఒకసారి అజహర్ ఇత్తడి తాళాలను అంచుతో అంచు తాకించి "టింగ్" అనిపిస్తాడు. అప్పుడు అందరి మడమలూ నేలకు ఆనతాయి. అర నిమిషం పాట అయిపోగానే చాచా చున్నీ లాగి పారేస్తాడు, డ్రమ్ము రాంజీ అందుకుంటాడు. రాంజీ అప్పటికి నెల రోజులుగా చౌరస్తాలో సమ్మె డేరా ముందు కొడుతున్నాడు. ఆ దెబ్బనే పాట వెనక తెచ్చి కట్టాడు.

పరీక్ష రోజు పటేలు వాకిట్లో అలాగే వాయించారు. స్రవంతి అరుగు మీద నోరు తెరుచుకొని నిలబడింది. విశాల్ మాత్రం నొసలు ముడిచాడు.

"చాచా, నడుమ నడుమ టింగ్ ఏంది? అసలు పాటల గది లేదు."

"నీ ఫోన్లనే ఉన్నది. చేసి చూడు."

తన కాలర్ ట్యూన్ తాను వినే మనిషి ఎక్కడుంటాడు? విశాల్ చెల్లెలి ఫోను తీసుకొని తన నంబరు కొట్టి విన్నాడు. విని, నడుం పట్టుకొని నవ్వాడు. "చాచా! గది పాట కాదు, ఫోన్ కంపెనీ బీప్! పాట ఎవ్వల ఫోన్ల పెట్టుకున్నా నడుమ నడుమ గట్లనే మొత్తుకుంటది!"

వాకిలంతా నవ్వింది. చాచా నవ్వలేదు. టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"తీసేస్తం బాబూ. అజహర్, నువ్వు కొట్టకు," అని మళ్లీ మొదలుపెట్టాడు. టింగ్ లేకపోయేసరికి మడమలు ఎప్పుడు దించాలో ఎవరికీ తెలియలేదు. క్లారినెట్ ముందుకు పోయింది, డ్రమ్ము వెనకబడింది. సగంలో చాచాకు దగ్గు తెర వచ్చి ట్రంపెట్ దించేశాడు.

"ఏమైంది చాచా?" స్రవంతి అరుగు దిగి వచ్చింది.

"ఏం లేదు బిడ్డా. టింగ్ అన్నకాడ ఊపిరి తీసుకుంటుంటి. గిప్పుడు జాగ దొర్కలే."

ఆ పిల్ల అన్న వైపు తిరిగింది. "నాకు టింగ్ ఉన్న పాటనే కావాలె. డీజేకు వద్దని చెప్పు."

"బీప్ మీద బరాత్ నడుస్తదా? నవ్వుతరే!"

"నువ్వు నవ్వినవ్ గద, పెండ్లిల నవ్వితె ఏం పోతది? చెయ్యి ఫోన్."

విశాల్ గొణుక్కుంటూ డీజేకు ఫోన్ కలిపాడు. రెండు క్షణాలు విని, ఫోను తెచ్చి చాచా చెవికి పెట్టాడు. అవతల అదే పాట, అదే టింగ్.

చాచా ముఖం విప్పారింది. "గీయన గూడ నేర్చుకుంటుండు," అన్నాడు.

బరాత్ రోజున చౌరస్తాలో సమ్మె వంటావార్పు నడుస్తోంది. రోడ్డు మీద పొయ్యిలు, పొయ్యిల మీద గిన్నెలు. అవతల పోలీసుల జీపు. బ్యాండు మునివేళ్ల మీద, గుసగుసగా, గిన్నెల మధ్య నుంచి వచ్చింది. గరిటె పట్టుకున్న మంగమ్మ, "ఏందిరో, గీళ్లు దొంగల లెక్క వస్తుండ్రు!" అంది. టింగ్. మడమలు ఆనాయి. చాచా చున్నీ లాగాడు. రాంజీ తన డేరా దెబ్బ అందుకున్నాడు. నెలగా ఆ దెబ్బకు అలవాటుపడ్డ కాళ్లు పొయ్యిల దగ్గర కూర్చోలేకపోయాయి. పెళ్లికొడుకు కారు అరగంట కదల్లేదు. విశాల్ అందరికంటే ముందు ఎగిరాడు. జేబులో ఫోను మోగుతూనే ఉంది. ఎత్తలేదు.

సమ్మె ముగిసి కరెంటు నిలకడగా వచ్చాక, అసలు పాట మొత్తం ఎక్కించుకొని వెళ్లి చాచాకు వినిపించాను. ఆయన కళ్లు మూసుకొని చివరిదాకా ఓపిగ్గా విన్నాడు.

"మంచిగనే పాడింది పిల్ల," అన్నాడు. "పాపం, జర ఊపిరి తీసుకోనియ్యలే."

తర్వాత చున్నీ దులిపి ట్రంపెట్‌లో కుక్కుకున్నాడు. నర్మెట్టలో పెళ్లి ఉందట. గూఢచారి పాట కావాలని, టింగ్ తప్పనిసరిగా ఉండాలని చెప్పి పంపారట.