ఎర్ర గిటారులో పాడని కాయిలు

మొన్న ఆదివారం పూజ ముగించుకొని హాల్లోకి వచ్చేసరికి, మా మనవరాలు ఫోనులో ఎవరో ఇద్దరు వాదించుకుంటున్న వీడియో చూస్తోంది. ఇప్పుడు ఎవరూ తయారు చేయని పాత ఎలక్ట్రిక్ గిటార్లు రెండింటిని పక్కపక్కన పెట్టుకొని, దీని గొంతు సన్నం, దాని గొంతు లావు, దీనికి ఫలానా పికప్పు కుదురుతుంది, దానికి కుదరదు అని వాళ్లు పెళ్లి సంబంధం మాట్లాడుతున్నంత శ్రద్ధగా మాట్లాడుకుంటున్నారు. నాకు నవ్వు ఆగలేదు. ఆ రెండు రకాలూ మా ఇంట్లోనే ఉన్నాయి. ఎర్రది బీరువా మీద పాత పంచెలో చుట్టి ఉంది, నల్లది మా ఆయన మంచానికి ఎదురుగా గోడకు వేలాడుతోంది. ఆ ఇద్దరూ పడుతున్న వాదన, నేను లంగా ఓణీలు కట్టుకునే రోజుల్లో ప్రొద్దుటూరులోని మా నాయన షాపులో, దాదాపు మాటకు మాట విన్నదే.

పికప్పు అంటే తెలియని నా ఈడు వాళ్లకు ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. ఎలక్ట్రిక్ గిటారుకు కడుపు బోలుగా ఉండదు, అందుకని దానంతట అది గట్టిగా మోగదు. తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగితీగ చుట్టిన కాయిలు ఉంటాయి. పైన తీగ కదిలితే ఆ కదలికను ఈ కాయిలు పట్టి యాంప్లిఫయరు పెట్టెకు అందిస్తుంది. దాన్నే పికప్పు అంటారు. బోరు మోటారులో ఉండేదీ కాయిలే, గిటారులో ఉండేదీ కాయిలే. మా నాయనది మోటార్లకు కాయిళ్లు చుట్టే షాపు కాబట్టే ఈ సంగతిలో నాకూ కాస్త చోటు దొరికింది, అంతా ఆ గోవిందుడి దయ.

మా సొంతూరు పులివెందుల దగ్గర చీనీ తోటల మధ్య ఒక పల్లె. ఊరు రెండు వర్గాలుగా చీలి, ఆ వర్గాలే రెండు పార్టీలై, ఆఖరుకు ఎవరి మోటారు ముందు బాగుచేశాడన్నదాన్ని బట్టి మా నాయన ఏ పక్క మనిషో లెక్కకట్టే రోజులు వచ్చాయి. అవే రోజుల్లో మేము బడికి నడిచే దారిలో ఒకసారి బాంబు పడింది. ఎవరికీ ఏమీ కాలేదు కానీ, ఆ మోతకు మా నాయన గుండెలో పడిన భయం మాత్రం తర్వాత ఎన్నడూ దిగలేదు. నన్ను బడి మాన్పించి, ఇల్లు ఎత్తేసి ప్రొద్దుటూరు చేరాడు. ముందు గదిలో షాపు, వెనక గదిలో సంసారం. అక్షరాలు మోటార్ల మీది రేకుల్లో నేర్పాడు, లెక్కలు చుట్లలో నేర్పాడు. ఆయన అంకెలు లెక్కపెడుతూ కాయిలు చుట్టేవాడు. నాకు మాత్రం చుట్టుకొక గోవింద నామం చెప్పుకుంటే తప్ప లెక్క నిలిచేది కాదు. ఏ పిల్లకైనా బడి లేకపోవడం లోటే, కాదనను, కానీ నా బడిలో పంతులు మా నాయన కావడం నా అదృష్టం.

మా అన్నకు మోటార్ల కన్నా పాటల మీద ప్రాణం. జమ్మలమడుగులో ఉండే మా మేనత్త కొడుకుతో, అంటే మా బావతో కలిసి చిన్న ఆర్కెస్ట్రా పెట్టుకొని, పెళ్లిళ్లకు, తిరునాళ్లకు, ఎన్నికల్లో నాయకుడి కారు వచ్చేదాకా జనాన్ని కూర్చోబెట్టడానికి పోయేవాళ్లు. ఎర్ర గిటారు మా అన్నది, నల్లది బావది. రెండూ వీళ్ల చేతికి వచ్చేనాటికే తయారీ ఆగిపోయినవి. ఎర్రదానిది సన్నటి, తేటైన గొంతు, వేకువన పిట్ట పలికినట్టు ఉండేది. నల్లదానిది నిండు గొంతు, తొందరపడని పెద్దమనిషి మాటలా ఉండేది. షాపులో టీ తాగుతున్నంతసేపూ ఈ పోలికే. అన్న నల్లదాన్ని దున్నపోతు అనేవాడు, బావ ఎర్రదాన్ని జలుబు చేసిన ఆడపిల్ల అనేవాడు. నేను లోపలినుంచి వింటూ ఎవరి పక్కా చేరేదాన్ని కాదు, మనసు మాత్రం నల్లదాని వైపు ఉండేది. అది గిటారును బట్టి కాదని మా అమ్మకు నాకన్నా ముందే తెలుసు.

ఎర్రదానికి ఒక రోగం ఉండేది. దగ్గర్లో కరెంటు ఎక్కువ పారితే దాని కాయిలు ఆ మోతను కూడా పట్టి గుర్రుమనేది. పల్లెల్లో త్రీఫేజు కరెంటు వచ్చి తోటల్లోని మోటార్లన్నీ ఒక్కసారి తిరగడం మొదలైతే గిటారు గుర్రు పెట్టేది. అది వినగానే ముందు వరసలోని రైతులు పాట మధ్యలోనే లేచి, కండువా దులుపుకొని, మోటారు వేసుకోవడానికి పరుగెత్తేవాళ్లు. నల్లదానికి ఆ రోగం లేదు. అయితే జీపుల పైన మా సీమ ఎండకు తిరిగి తిరిగి దాని మెడ వంగిపోయింది, ఏ తీగా శ్రుతిలో నిలవదు. గొంతు బాగుండి మెడ వంగినది ఒకటి, మెడ బాగుండి గొంతు నమ్మలేనిది ఒకటి.

అట్లా ఉండగా జమ్మలమడుగు పక్క ఒక పల్లె తిరునాళ్లలో ఆ పాడు సంఘటన జరిగింది. నేను అక్కడ లేను, అన్న చెబితే విన్నాను. సాయంత్రం పాట మంచి ఊపులో ఉండగా ఎర్రదాని లోపల కాయిలు తీగ తెగింది. తెగీ తెగకుండా అతుక్కున్న ఆ కొస అన్న చేయి తగిలి కదిలేసరికి, నాలుగు లౌడ్ స్పీకర్లలోంచి ఢామ్మని ఒక్క మోత. ఇంకే ఊళ్లో అయినా చెవులు మూసుకొని తిట్టి ఊరుకునేవాళ్లు. మా పక్క జనానికి ఆ మోతకు ఒక్కటే అర్థం. "ఏసినార్రా! పండుకోండి!" అని ఎవరో అరవడం, తిరునాళ్లంతా నేలకు కరుచుకోవడం, రెండు పక్కలా వేటకొడవళ్లు బయటికి రావడం కంటి రెప్ప మూసి తెరిచేలోగా జరిగిపోయాయి. అప్పుడు బొరుగులు అమ్మే ముసలామె లేచి నిలబడి, "మీ పెట్టె పగిలిపోను, బాంబూ లేదు యేమీ లేదు, నా బొరుగులన్నీ మట్టిపాలు చేసినారు గదప్పా!" అని శాపనార్థాలు పెట్టడంతో, ఎవరు ముందు నవ్వారో గానీ, గండం గడిచింది. ఆ తల్లి ఎవరో నేను చూడలేదు. ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు ఆమె పేరున ఒక దండం పెడతాను.

ఆ రోజు నుంచి అన్న ఒక అలవాటు చేసుకున్నాడు. పెట్టెలోంచి వైరు పీకినా చిన్న టప్పుమనే మోత వస్తుంది కాబట్టి, పీకే ముందు మైకులో, "వైరు పీకుతాండామప్పా, ఎవురూ భయపడాకండి" అని చెప్పేవాడు.

పది రోజులు తిరగకముందే ఇంకో చిక్కు వచ్చింది. పులివెందుల దగ్గర ఒక పల్లెలో, ఏళ్ల తరబడి కొట్టుకుంటున్న రెండు వర్గాల ఇళ్ల మధ్య పెద్దలు ఎట్లాగో రాజీ కుదిర్చి, పిల్లనిచ్చి పుచ్చుకునేదాకా తెచ్చారు. ఆ పెళ్లికి పాటలు పాడాలని పెళ్లికూతురి మేనమామ జీపు వేసుకొని షాపుకు వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు. "పాడండప్పా, వద్దనల్యా. ఆపొద్దు తిరునాళ్లలో మాదిరి మీ పెట్టెలోనుంచి ఢామ్మని వచ్చిందంటే మాత్రం, ఈ పక్కోడు ఆ పక్కోడే ఏసినాడనుకుంటాడు. అప్పుడు నేను అడ్డం పడినా ఆగేది కాదు" అని మెల్లగా చెప్పి వెళ్లిపోయాడు. పోకపోతే ఆ రాజీ ఇష్టం లేక మానుకున్నారని అంటారు. పోయి మోత పుట్టిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. మా అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

అన్న బెంగళూరు దాకా పోయి వచ్చాడు. ఆ రకం గిటారే పోయింది, ఇంక దాని పికప్పు యాడ దొరుకుతుందని అందరూ నవ్వారట. తిరిగి వచ్చి, "నల్లదాని కాయిలు పీకి ఎర్రదానికి పెడదాం బావా, అదెట్లాగూ మెడ వంగి మూలన పడింది గదా" అన్నాడు.

బావ గిటారును ఒళ్లోకి లాక్కున్నాడు. "మన అవ్వకు పండ్లు లేవని నాలిక గూడా పీకుతామా?"

"అవ్వను తీసుకొని పెండ్లిలో పాడించు పో అట్లయితే!"

నవ్వుకుంటూనే అన్న మాటలవి, కానీ నవ్వు నిలవలేదు. బావకు నాన్న లేడు, ఆ నల్ల గిటారు ఆయన కొనిచ్చిన ఆఖరి వస్తువు. అది అన్నకూ తెలుసు. తెలిసి అడగవలసి వచ్చిందనే బాధతో ఒకరు, ఇవ్వలేకపోతున్నాననే బాధతో ఒకరు, షాపులో రెండు మూలల్లో ముఖాలు తిప్పుకొని కూర్చున్నారు. మా ఇంట్లోనే రెండు వర్గాలు తయారయ్యాయి.

అప్పుడు నేను వెనక గది వాకిట్లోంచి, దాన్ని పీకొద్దు, ఒకసారి తెరిచి చూడనిస్తే చాలు అన్నాను. బావ ఒప్పుకున్నాడు గానీ, మూత తీస్తున్నంతసేపూ ఆసుపత్రిలో చుట్టం మాదిరి పక్కనే నిలబడ్డాడు. చూస్తే నల్లదానిలో ఒక్క కాయిలు కాదు, రెండున్నాయి, ఒకదానికొకటి ఎదురుగా కలిపి. బయటి మోత రెండింటిలోనూ పుట్టి, ఎదురెదురై, రెండూ చల్లారిపోతాయని మా నాయన చెప్పాడు.

ఎర్రదానికి తెగిన కాయిలు చుట్టాలి, దాని కింద ఇంకొకటీ చుట్టాలి. అంత సన్నటి తీగ షాపులో లేదు. చెడిపోయిన స్టెబిలైజర్లలో టిక్కుమనే రిలేలు విప్పి, వాటిలోని తీగ తీసుకున్నాను. సబ్బు పెట్టె మూత కోసి, తీగ జారకుండా అటూ ఇటూ అట్టలు చేసుకొని, ఫ్యాను కాయిళ్లు చుట్టే చేతి మిషను మీద, దీపం పెట్టి, నామం చెప్పుకుంటూ చుట్టాను. ఊపిరి గట్టిగా వదిలినా తెగే తీగ. తెగినప్పుడల్లా అతికి, మళ్లీ గోవిందా అని మొదలుపెట్టేదాన్ని. చివర మైనంలో ముంచి ఆరబెట్టాను. కింది కాయిలుకు పెట్టడానికి అయస్కాంతాలు మిగల్లేదు. ఫరవాలేదు, దాని పని పాట వినడం కాదు. బయటి మోతను మాత్రం విని, పై కాయిలు పట్టిన మోతకు ఎదురు నిలబడటం, అంతే.

పెట్టెకు తగిలించి చూస్తే గుర్రు రెట్టింపయింది. "మోటారు బాగుచేయమంటే ఇంకోటి ఏసినావే మే!" అని అన్న తల పట్టుకున్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నాయన మాత్రం కళ్లజోడు సర్దుకొని, "కింది దాని తీగలు అటుదిటు మార్చు తల్లీ" అన్నాడు. రెండు అతుకులు మార్చాను. గుర్రు పోయింది. షాపులో ఫ్యాను తిరిగే చప్పుడు వినిపించింది. ఎర్రదాని గొంతు మాత్రం కాస్త మెత్తబడింది. పిట్ట పెద్దదైందని బావ అన్నాడు.

ఆ పెళ్లికి నాయన నన్ను కూడా పంపాడు, మేనత్త తోడుగా. ఇల్లు దాటి ఎరగని నాకు అది పెద్ద ప్రయాణం. చీనీ తోటల మధ్య పందిరి, నడుమ దారి, ఒక పక్క వాళ్లు ఒక పక్క, రెండో పక్క వాళ్లు రెండో పక్క, ఎవరి వెనక ఎవరున్నారో చూసుకుంటూ కూర్చున్నారు. నేను ఆడవాళ్లలో కూర్చొని పాట వినలేదు, మోత కోసం విన్నాను. మధ్యలో తోటల్లో మోటార్లు ఒక్కసారి కదిలాయి. అన్న నావైపు చూశాడు. గిటారు గుర్రనలేదు. నా చేతిలో పసుపు కుంకాల పొట్లం చెమటకు తడిసిపోయింది.

పాటలు ముగిశాయి. అన్న మైకు దగ్గరికి వచ్చి, అలవాటు ప్రకారం, "వైరు పీకుతాండామప్పా, ఎవురూ భయపడాకండి" అన్నాడు. రెండు పక్కల తలలూ మా పెట్టె వైపు తిరిగాయి. టప్పుమంది. ఒక పక్కనుంచి ఎవరో, "భయపడింది మేము గాదప్పా, ఆ పక్కోళ్లు!" అన్నారు. వెంటనే రెండో పక్కనుంచి, "మీ మామ ఇప్పుడే బల్ల కింద దూరినాడు, పిలుచుకోండి!" అని జవాబు. పందిరంతా ఒక్కసారి నవ్వింది. ఆ నవ్వులో ఎవరిది ఏ పక్కో తెలియలేదు. మా సీమ మనుషులందరూ కలిసి నవ్వగా నేను విన్నది అదే మొదలు. మరునాడు పొద్దున మాత్రం ఒక రైతు వచ్చి, గిటారు నోరు మూసుకున్నందువల్ల కరెంటు వచ్చింది తెలియక చెట్లకు నీళ్లు పెట్టుకోలేకపోయానని అన్నతో పోట్లాడాడు.

ఆ మరుసటి ఏడు నేను నల్ల గిటారు ఉన్న ఇంటికి కోడలినయ్యాను. రాజీలు నిలిచినవీ ఉన్నాయి, నిలవనివీ ఉన్నాయి. ఆ చీనీ తోటల పెళ్లి మాత్రం నిలిచింది. మా నాయనా పోయాడు, అన్నా పోయాడు, ఎర్రది నా దగ్గరికి వచ్చింది.

ఇదంతా విన్నాక మనవరాలు ఊరుకోలేదు. బీరువా మీదినుంచి ఎర్రదాన్ని దించి, తన చిన్న పెట్టెకు తగిలించింది. గుర్రు లేదు. కొంతసేపు ఏదో మీటి, వైరు పీకబోయింది. చెవులు సరిగా వినిపించని మా ఆయన ఆ పిల్ల చేయి వైరు మీదికి పోవడం చూసి, మంచం మీదినుంచే, అచ్చం మా అన్న గొంతుతో, "వైరు పీకుతాండామప్పా, ఎవురూ భయపడాకండి!" అని ఇల్లు అదిరేలా అన్నాడు.

పిల్ల నావైపు తిరిగి, వైరు పీకితే ఎవరైనా ఎందుకు భయపడతారవ్వా అని అడిగింది.

ఎంత చెప్పినా ఆ ఒక్కటీ దానికి అర్థం కాలేదు. ఆ మాట విని నవ్విన పందిరి ఇక ఎక్కడా దొరకదని ఒక పక్క దిగులేసింది. ఇంకో పక్క, ఆ భయం దానికి అర్థం కానందుకు దేవుడికి దండం పెట్టుకొని, ఎర్రదాన్ని మళ్లీ పంచెలో చుట్టాను.