జలీల్ ఉస్తాద్ పలక

మొన్న మా చిన్నది గుమ్మంలో కూర్చుని తడిగుడ్డతో పలక తుడిచింది. తడిసిన రాతిపలకకు ఒక వాసన ఉంటుంది. మట్టిదీ కాదు, సుద్దదీ కాదు. ఆ వాసనకు ఎవరికైనా బడి గుర్తుకు రావాలి. నాకు మాత్రం నారాయణఖేడ్ బస్టాండు వెనకాల రేకుల దుకాణమూ, అందులో స్టూలు మీద కూర్చున్న జలీల్ ఉస్తాద్ గుర్తుకొచ్చారు. బడితో నా సంబంధం ఏడో తరగతితోనే తెగింది. నేను బడి మానలేదనీ, బడే నన్ను మానేసిందనీ మా పంతులు అందరికీ చెప్పేవాడు.

ఉస్తాద్ దుకాణాలకు బోర్డులు రాసేవాడు. పోయినవాళ్ల చిన్న ఫొటోలు చూసి, గోడకు తగిలించుకునే పెద్ద బొమ్మలు వేసేవాడు. హైదరాబాదులో మూడేళ్లు ఇళ్లకు రంగులు కొట్టి తిరిగొచ్చిన నన్ను 2003లో పనిలో పెట్టుకున్నాడు. ఇరవై రెండేళ్లవాణ్ణి, చేతిలో పనున్నవాణ్ణి కదా, మొదటిరోజే కాన్వాసు ముందు నిలబెడతాడనుకున్నాను. చేతిలో పలక పెట్టాడు.

"ఇదేంది ఉస్తాద్, మల్ల ఒకటో తరగతా?" అన్నాను.

"లేదు బేటా. ఒకటో తరగతి పోరగాండ్లకు దిమాఖ్ ఉంటది. నువ్వు జర కింద."

ఆయన పద్ధతి అది. ఏ బొమ్మకైనా ముందు పలక మీద అగ్గిపెట్టెంత గళ్లు నాలుగు గీసి, ఒక్కోదాంట్లో ఆ బొమ్మనే ఒక్కో తీరుగా వేయాలి. కళ్లూ ముక్కూ వద్దు, రంగు అసలే వద్దు. పొడి పలక బూడిద రంగు. తడివేలితో రుద్దితే నలుపు. సుద్దతో రుద్దితే తెలుపు. ఈ మూడింటితోనే ఎక్కడ వెలుగు, ఎక్కడ నీడ, చూసేవాడి కన్ను ముందు ఎటు పోవాలి అన్నది తేల్చాలి. అదీ వేలితడి ఆరేలోపు, ఆలోచనకు చోటివ్వకుండా. "ఆరిందంటె నువ్వు సోచాయిస్తున్నవన్నట్టు. సోచాయించకు, చూడు. జల్దీ!" అనేవాడు. ఒకసారి అల్లరికి ఆయన బొమ్మే గీసి, "గడ్డానికే సుద్ద అయిపోయింది ఉస్తాద్" అన్నాను. ఆయన నవ్వలేదు. పలక దూరంగా పట్టుకుని కళ్లు చికిలించి చూశాడు. "గడ్డం మంచిగున్నది. ఎనక గోడ సుత తెల్లగ పెట్టినవ్. నేను గోడల కలిసిపోయిన. నన్ను బతికుండంగనె మాయం చేస్తవారా?"

ఆ ఏడాదే సిర్గాపూర్ నుంచి మల్లయ్య అనే రైతు వచ్చాడు. భార్య సాయవ్వ పోయి పది నెలలు. రేషన్ కార్డు మీద గోరంత ముఖం తప్ప వేరే ఫొటో లేదు. "కండ్లు మూసుకుంటె సీర కనవడ్తది బిడ్డా, ముఖం కనవడ్తలేదు. దినాం జరంత పోతున్నది. గందుకె వచ్చిన," అన్నాడు. ఉస్తాద్ చుట్టాల పెళ్లికి బీదర్ పోతూ, "ముందు పలక" అని చెప్పి మరీ బస్సెక్కాడు.

నేను పలక ముట్టలేదు. నాకు చేయి తిరిగిందనుకున్నాను. అప్పట్లో ఇంటివాళ్లు అడిగినా అడక్కపోయినా పెయింటర్లం ముఖాలకు తెలుపు ఎక్కువే కలిపేవాళ్లం; బతికినన్నాళ్లు ఎండలో మాడినవాళ్లంతా మా దుకాణానికొచ్చాక తెల్లబడేవారు. సాయవ్వనూ అట్లాగే వేశాను. పసుపు చీర, పాలరంగు ముఖం, వెనక లేతనీలం గోడ. మూడోరోజు మల్లయ్య వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశాడు.

"మంచిగున్నది. ఎవలు బిడ్డా ఈమె?"

హాస్యమాడుతున్నాడనుకున్నాను. కాదు. "మా సాయవ్వ నల్లటిది," అన్నాడు. మళ్లీ బొమ్మకేసి చూసి గొంతు తగ్గించాడు. "ఏమో, నేనే మర్సిపోయిన్నేమో. గిట్లనె ఉండెనేమో." ఎదుటివాడు ఒకటంటే నాలుగనేవాణ్ణి, చేతిలో కుంచె కింద పెట్టేశాను. ఆయన దగ్గర మిగిలిన కాస్త ముఖాన్నీ నేను చెరిపేస్తున్నాను.

ఉస్తాద్ సంచితో గుమ్మంలో నిలబడి అదంతా విన్నాడు. మల్లయ్యను కూర్చోబెట్టి, "ఇంట్ల ఆమె యాడ కూసుంటుండె?" అని అడిగాడు.

"వాకిలి కడప మీద. పొద్దుగూకంగ జొన్నలు చెరుగుకుంట. నేను లోపట మంచం మీద ఉంటుంటి."

"అంటె ఆమె ఎనక ఎండ."

"అవ్, ఎండ."

ఉస్తాద్ పలకా నీళ్ల గిన్నే నా ముందు పెట్టాడు. వేలు తడిపి ముఖం నల్లగా రుద్దాను, చుట్టూ వాకిలంతా సుద్దతో తెల్లగా నింపాను. మల్లయ్య తల అడ్డంగా ఊపాడు. రెండోది గీశాను. "ఇంక జర వంగుతుండె." మూడోది ఆరిపోయింది. నాలుగోదానికి మల్లయ్య లేచి పలక మీదికి వంగాడు. "గిదే... గిదే సాయవ్వ. ఇగ కొంగు సదురుకుంటది." దానికి కళ్లూ లేవు, ముక్కూ లేదు, బొటనవేలంత నీడ, అంతే. అంతలో తడి ఆరడం మొదలైంది. "పోతున్నది, పోతున్నది!" అంటూ ఆయన తన వేలే గిన్నెలో ముంచి, ఆమె తల మీద, బుగ్గ మీద, నేను రుద్దినచోటే మెల్లగా రుద్దాడు. నేను దాన్ని కాన్వాసు మీదికి ఎక్కించేదాకా అట్లా తడుపుతూనే కూర్చున్నాడు.

తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి, రేకుల దుకాణం మూతపడింది, ఉస్తాద్ కూడా లేడు. నేనింకా బొమ్మలు వేస్తున్నాను. ఎవరైనా ఫొటో పట్టుకొస్తే ముందు దాన్ని బోర్లా పెట్టి, ఆ మనిషి ఇంట్లో ఎక్కడ కూర్చునేవాడని అడుగుతాను. చాలామంది వెంటనే చెప్పలేరు, కళ్లు మూసుకుంటారు. వాళ్లు మళ్లీ కళ్లు తెరిచేదాకా నేను నోరు మూసుకుని కూర్చోగలుగుతున్నాను. నన్నెరిగినవాళ్లు ఈ సంగతి నమ్మరు.