శెట్టిగారి చంకలో స్టీరియో

బళ్ళారి బెంగళూరు రోడ్డు బట్టల వ్యాపారి పాండురంగయ్య శెట్టి కారు దిగితే, ఆయనతో పాటు కారు స్టీరియో కూడా దిగేది. దుకాణానికైనా, బ్యాంకుకైనా, పెండ్లికైనా, పరామర్శకైనా ఈ నియమానికి మినహాయింపు లేదు. తెల్లని అంబాసిడర్ ఆగగానే, రేడియో, క్యాసెట్ ప్లేయరు కలిసి ఉన్న ఆ పెట్టెను డ్యాష్‌బోర్డులోంచి సొరుగులా లాగి, పసుపు గుడ్డసంచిలో వేసి, సంచిని చంకలో ఇరికించుకున్న తరువాతే ఆయన కాలు నేలమీద మోపేవాడు. అది మద్రాసు నుంచి తెప్పించిన సరుకు. దొంగల భయం ఉన్నవాళ్ల కోసం, హ్యాండిలు పట్టి లాగితే ఊడివచ్చేటట్టు తయారు చేసిన రకం. తయారు చేసినవాడు దాన్ని రాత్రిళ్లు ఇంట్లోకి తీసుకుపోతారని అనుకొని ఉంటాడు. శెట్టి దాన్ని కాఫీ తాగడానికి కూడా తీసుకుపోయేవాడు.

ఆయన దిగిపోయాక కారులో మిగిలేవి రెండే: డ్యాష్‌బోర్డులో ఒక నలుచదరపు బొక్క, స్టీరింగు వెనక డ్రైవరు హంపన్న. ఆ బొక్క తనను చూసి పళ్లూడిన నోటితో నవ్వుతున్నట్టు హంపన్నకు తోచేది. హంపన్న తెక్కలకోట మనిషి. ఏడేళ్లుగా ఆ కారు మీద ఒక గీత పడనివ్వలేదు. కారు తాళాలు అతని జేబులోనే ఉండేవి. శెట్టిగారి మనుమరాళ్లను బడికి తీసుకుపోయేది అతడే. ఇంత నమ్మకం ఉంచిన మనిషి ఒక్క పాటల పెట్టె దగ్గర ఎందుకు ఆగిపోయాడన్నది హంపన్న ఏడేళ్లుగా శ్రద్ధగా పరిశీలించిన విషయం. చేతికి దొరికిన ఆధారాలన్నీ ఒకే దిక్కు చూపించాయి: శెట్టికి తనమీద అనుమానం.

అన్నిటికన్నా బలమైన ఆధారం ఒకనాడు బ్యాంకు ముందర దొరికింది.

"శెట్రే, నేను యాడికీ పోను. ఈ సీటులోనే కూర్చోనుంటా. దాన్ని ఈడనే ఉండనీండి," అన్నాడు హంపన్న.

"నువ్వు ఉంటావు గదప్పా, అందుకే తీసుకపోతాండా," అని శెట్టి సంచి సర్దుకొని మెట్లెక్కాడు.

ఆనాడు హంపన్నకు అన్నం సహించలేదు.

న్యాయంగా చెప్పాలంటే శెట్టి అనుమానం ఒక్క మనుషుల దగ్గరే ఆగేది కాదు. యంత్రం మీద కూడా ఆయనకు ఒక కన్నుండేది. క్యాసెట్టు ఒక పక్క అయిపోగానే తనంతట తానే రెండో పక్కకు మారడం ఆయనకు మొదటి నుంచీ నచ్చలేదు. "మనం చెప్పకుండానే పని చేస్తాంది చూడప్పా. అడగకుండా పని చేసేదాన్ని నమ్మకూడదు," అనేవాడు. క్యాసెట్టు డబ్బా మీద పది పాటలని అచ్చు వేస్తే, పదీ ఉన్నాయో లేదో వేళ్లు మడుస్తూ వినేవాడు. కడప రేడియో స్టేషనులో వార్తలు చదివేవాడు మధ్యలో ఒక్క క్షణం ఆగితే, "ఏందో దాచినాడు," అని హంపన్న వంక అర్థవంతంగా చూసేవాడు. టేపు చిక్కుపడితే, ముందు సీటులో ఆయన పక్కనే ఉన్న హంపన్నకు దాన్ని విప్పడం బాగా తెలుసు. అయినా, "నువ్వు ముట్టొద్దు, చెయ్యి తియ్యి," అని కసిరి, భార్య తల్లోంచి పిన్ను తీయించి, చెమటలు కక్కుకుంటూ తానే విప్పేవాడు. ఏడేళ్లలో హంపన్న వేలు ఆ బటన్ల మీద ఒక్కసారి కూడా పడలేదు.

క్షౌరశాలలో శెట్టి దాన్ని ఒళ్లో పెట్టుకొని పైన తెల్లగుడ్డ కప్పించుకునేవాడు. కొత్తగా చేరిన మంగలి ఆ నలుచదరపు పొట్టను చూసి, సగం గడ్డం గీసి యజమానిని పిలుచుకొచ్చాడు. మరొకసారి డాక్టరు దగ్గర బరువు చూసుకునేటప్పుడు కూడా సంచి దించలేదు. డాక్టరు ముల్లు చూసి, ఉన్నట్టుండి రెండు కిలోలు పెరిగారని ఒబ్బట్లు, నెయ్యి మాన్పించాడు. శెట్టి మూడు నెలలు చప్పిడి తిన్నాడు. ఆ మూడు నెలలూ ఆయన అనుమానమంతా డాక్టరు తూకపు యంత్రం మీదనే.

"చచ్చినోళ్ల ఇంటికి గూడా చంకన పెట్టుకోని వస్తారా? వాళ్లేమనుకుంటారు?" అని భార్య రాజలక్ష్మమ్మ మొత్తుకునేది.

"పండ్లు తెచ్చినాననుకుంటారు."

"అనుకోని, పోయేటప్పుడు ఇచ్చిపోతారని కాచుకోనున్నారు గదా! నాకు తల కొట్టేసినట్టాయె."

తొంభయ్యో సంవత్సరం ఎండాకాలంలో, ఆయన దాయాది గోపాలయ్య కూతురి పెండ్లి కురుగోడులో జరిగింది. శెట్టి, రాజలక్ష్మమ్మ కారులో వెళ్లారు. హంపన్న కల్యాణమంటపం ఎదుట కారు ఆపాడు. స్టీరియో యథాప్రకారం ఊడింది. లోపల అక్షతలు వేసే వేళకు చిక్కు వచ్చిపడింది. వధూవరుల తలల మీద అక్షతలు రెండు చేతులా వేయాలి. ఒక చంక బిగిసి ఉంటే ఆ చెయ్యి లేవదు. సంచిని ఎవరి చేతిలో పెట్టాలి? శెట్టి చుట్టూ చూశాడు. తమ్ముడి వరసవాడు ఉన్నాడు, నమ్మడు. సొంత బావమరిది ఉన్నాడు, అసలే నమ్మడు. చివరకు నలుగురి కళ్లూ పడే చోటే దొంగతనం జరగదని బాగా ఆలోచించి, వేదిక పక్కన మైకు పెట్టుకున్న బల్లమీద సంచిని ఉంచి అక్షతలు అందుకున్నాడు.

అది చదివింపుల బల్ల.

దాని వెనక కూర్చున్నది రిటైరైన కనకప్ప మేష్ట్రు. ఎవరేమి చదివించారో మైకులో ఊరంతటికీ వినిపించడం ఆయన పని. బల్లమీదికి వచ్చిన ప్రతి వస్తువూ చదివింపేనన్నది ఆయన సిద్ధాంతం. అప్పటికే ఎవరిదో గొడుగును కూడా చదివేశాడు. ఆయన సంచి విప్పాడు, కళ్లజోడు సవరించుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు.

"బళ్ళారి బెంగళూరు రోడ్డు పాండురంగయ్య శెట్టిగారు నూతన వధూవరులకు చదివించినది... కారు స్టీరియో ఒకటి!"

మంటపం చప్పట్లతో మోగింది. శెట్టి చేతిలోని అక్షతలు పెండ్లికొడుకు తలమీద కాక పురోహితుడి ఒళ్లో పడ్డాయి. పెండ్లికొడుకు గురునాథ్ ఆ నెలలోనే కొత్త జీపు కొన్నాడు. దాంట్లో స్టీరియో లేదు. అతని ముఖం వెలిగిన తీరు చూసి గోపాలయ్య కళ్లు తుడుచుకుంటూ వచ్చి శెట్టి చేతులు పట్టుకున్నాడు. "అన్నా, ఇంత చేస్తావని నేను కలలో గూడా అనుకోలేదు," అన్నాడు.

"నేనూ అనుకోలేదప్పా," అన్నాడు శెట్టి నిజాయితీగా.

మైకులో చదివిన వస్తువును వెనక్కి అడిగితే, అప్పుడే వియ్యమందిన వాళ్ల ముందు గోపాలయ్య తలెత్తుకోలేడు. శెట్టి నోరు మూసుకొని భోజనానికి కూర్చున్నాడు. విస్తరిలో ఒబ్బట్టు, కళ్లు మాత్రం బల్లమీద.

బయట చెట్టుకు కట్టిన స్పీకరులో ఆ మాట విన్న హంపన్న తన చెవులను తానే అనుమానించాడు. చూస్తే గాని నమ్మలేక లోపలికి వచ్చాడు. బల్లమీద, సంచిలోంచి తొంగిచూస్తూ నిజంగానే స్టీరియో ఉంది. మేష్ట్రు భోజనానికి లేచినట్టున్నాడు. హంపన్న చుట్టూ చూసి, ఏడేళ్లుగా కంటితోనే తిప్పిన గుండ్రటి బటన్ను మొదటిసారి వేలితో కొంచెం తిప్పాడు. 'టిక్' మన్నది. మళ్లీ వెనక్కి తిప్పి, చెయ్యి పంచెకు తుడుచుకొని వెళ్లిపోయాడు.

అరగంట తరువాత బల్లమీద స్టీరియో లేదు.

పెండ్లికొడుకు మేనమామ పద్మనాభ, బండ్రి ఊరి పక్క లారీలు తిప్పే మనిషి. గొంతు కూడా లారీ హారను లాంటిదే. "ఇంతలోనే యాడికి పోతాదప్పా? రెక్కలొచ్చినాయా?" అని మంటపమంతా కలయతిరిగాడు. ఎవరో, డ్రైవరు బల్ల దగ్గర నిలబడ్డాడన్నారు. ఇంకెవరో, ముట్టుకున్నాడు కూడా అన్నారు. అటూ ఇటూ చూసి ముట్టుకున్నాడని మూడో మనిషి చేర్చాడు. రెండు నిమిషాల్లో హంపన్న కాలరు పద్మనాభ పిడికిట్లో ఉంది.

"బిచ్చు! నోరు విప్పు! యాడ పెట్టినావో చెప్పు!"

"నేను తియ్యలేదు సామీ. సుమ్నే, ఊరికే చూసినా."

"చూసేదానికి చెయ్యెందుకు పెడ్తివి? వైర్లు ఊడబీకేది, తగిలిచ్చేది మీ డ్రైవర్లకు గాక ఇంకెవరికి తెలుస్తాది? స్టేషనుకు పోదాం పా, ఆడ చెప్తువు."

పోలీసు స్టేషను గడప ఒక్కసారి తొక్కితే, ఆ తరువాత బళ్ళారిలో తనకు కారు తాళాలు ఇచ్చేవారుండరని అతనికి తెలుసు. జనంలో శెట్టి కోసం వెతికాడు. చూపు కలిసింది. శెట్టి కళ్లు చిట్లించి తనవంకే చూస్తున్నాడు. ఆ చూపు హంపన్నకు బాగా పరిచయం. ఏడేళ్ల అనుమానానికి ఈ రోజు సాక్ష్యం దొరికిందని ఆ చూపు చెబుతున్నట్టే అతనికి తోచింది.

"శెట్రే, మీ మనిషే గదా. మీరే చెప్పండి, ఈయప్పను నమ్మొచ్చునా?" అని పద్మనాభ అరిచాడు.

మంటపమంతా పాండురంగయ్య శెట్టి వైపు తిరిగింది. లోకంలో ఎవరినీ నమ్మడని పేరు మోసిన మనిషి. ఆయన బల్ల దగ్గరకు నడిచాడు. మైకును రెండుసార్లు వేలితో కొట్టి చూశాడు. దాన్ని కూడా నమ్మలేదు గాబోలు, మూడోసారి కొట్టాడు.

"ఆ స్టీరియో తీసింది నేనే," అన్నాడు.

కురుగోడు బస్టాండులో తమలపాకులు అమ్మేవాళ్లకు కూడా ఆ మాట స్పష్టంగా వినిపించింది. చదివించిన వస్తువును చదివించినవాడే ఎత్తుకుపోవడం ఆ తాలూకాలో ఎవరూ ఎరగని వింత. గోపాలయ్య స్తంభం పట్టుకున్నాడు. రాజలక్ష్మమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"మీరా? హౌదా, నిజమా? యాడ పెట్టినారు?" అన్నాడు పద్మనాభ.

శెట్టి అంతవరకు ఆలోచించుకోలేదు. ఒక్క క్షణం తడబడి, "చెప్పను. మీ మీద నాకు నమ్మకం లేదు. ముందు ఆయప్ప కాలరు ఇడువు," అన్నాడు.

పద్మనాభ వదిలిపెట్టాడు. అంతలో విడిదిగది తలుపు కిర్రుమని, పెండ్లికొడుకు అవ్వ తిమ్మమ్మ, నడుముకు తాళాల గుత్తి, చేతిలో పసుపు సంచితో వచ్చింది.

"ఏందిరా మీ గలాటా? కునుకు తియ్యనియ్యరా? ఇది నా ట్రంకులో ఉండాది. ఆ శెట్టి అన్నం తింటాండాడన్న మాటే గాని, చూపంతా దీని మీదనే. యాడ ఎత్తుకపోతాడో అని, ఆయప్ప చెయ్యి కడుక్కునేదానికి లేస్తూనే నేనే తెచ్చి తాళమేసినా."

శెట్టి ముసలమ్మను తలనుంచి కాలివరకు చూశాడు. జీవితంలో మొదటిసారి తనకు సాటి వచ్చిన మనిషి. రెండు చేతులూ జోడించి, "అవ్వా, ఈ మంటపంలో నమ్మాల్సిన మనిషి నువ్వొక్కతివే," అన్నాడు.

నవ్వులు సద్దుమణిగాక పద్మనాభ తానే హంపన్న కాలరు మడత సరిచేసి, తమలపాకులు చేతిలో పెట్టాడు. స్టీరియో తిరిగి ఇస్తామని గోపాలయ్య బతిమాలాడు. శెట్టి తీసుకోలేదు.

కారు కురుగోడు దాటింది. వెనక సీటులో రాజలక్ష్మమ్మ నిద్రపోయింది, లేదా నిద్రపోయినట్టు కళ్లు మూసుకుంది.

"శెట్రే, నిజంగా మీరు తియ్యలేదు గదా?" అన్నాడు హంపన్న.

"లే."

"మరి నేను తీసింటేనో?"

"తీసింటే మాత్రం? వాళ్లెవరప్పా నీ కాలరు పట్టుకునేదానికి?" శెట్టి కిటికీ వైపు తిరిగాడు. "మా నాయన కాలంలో జంబన్న అని మా కారు తోలేటోడు. ఇంట్లో రేడియో పోయింది. ఎవరూ ఎవరినీ అడగలేదు. అందరూ జంబన్న దిక్కే చూసినారు. స్టేషన్లో కూర్చోబెట్టినారు. మూడు దినాలకు చూస్తే అది మా చిన్నాయన ఇంట్లో ఉండాది. రిపేరికి తీసుకపోయినాడంట, చెప్పేది మర్చిపోయినాడంట. జంబన్న మళ్లా మా వీధి తొక్కలేదు. నాకప్పుడు ఇరవై ఏండ్లు. నేనూ నోరు మూసుకోనుంటి." కిటికీ అద్దం కొంచెం దించాడు. "ఏది పోయినా మొదట తోలేటోన్నే పట్టుకుంటారప్పా. కారులో పోయేదానికి ఏమీ లేకుంటే, నువ్వు దాన్ని ముట్టనే ముట్టకుంటే, నీ జోలికి ఎవడొస్తాడు?"

హంపన్న ఏడేళ్లుగా పోగుచేసిన ఆధారాలన్నిటినీ ఒక్కొక్కటిగా తిరగేసి మళ్లీ మొదటి నుంచి చూసుకోవలసి వచ్చింది. రెండు మైళ్లు పట్టింది.

"ఈ మాట నాకు ముందే చెప్పింటే బాగుండు గదా, శెట్రే."

"చెప్తే? శెట్టి శానా మంచోడని బజారంతా చాటుతువు. ఆమీన నేను యాపారం ఎట్ల చేసేది?" అని కసిరి, గొంతు తగ్గించి, "అయినా ఆ ముసల్ది ఇంకో పది నిమిషాలు ఆగింటే, నేనే తీసేటోన్ని," అన్నాడు.

హంపన్నకు నవ్వు ఆగలేదు. రోడ్డుకు ఇరుపక్కలా కాలువ నీళ్ల వరిమళ్లు, ఎదురుగా ఖాళీ రోడ్డు. నవ్వు తగ్గేసరికి, తనకు తెలియకుండానే, తెక్కలకోటలో తన తల్లి నాట్లు వేస్తూ పాడే పాట ఒకటి మెల్లగా ఎత్తుకున్నాడు. మొదటి చరణం అయ్యేసరికి గొంతు విచ్చుకుంది. వెనక నిద్రపోతున్న రాజలక్ష్మమ్మ కళ్లు తెరిచి ముందుకు వంగింది.

పాండురంగయ్య శెట్టి నెమ్మదిగా తల తిప్పాడు. కళ్లు చిట్లించి, హంపన్నను ఎగాదిగా చూశాడు.

"ఏమప్పా, ఏడేండ్లు నా పక్కనే కూర్చోని ఈ గొంతు దాచిపెట్టినావా? ఇంకేమేం దాచినావో అన్నీ ఒకటొకటే బయటికి తియ్యి. బళ్ళారి వచ్చేదాకా ఆపొద్దు."