పగడానికి ఆపించిన మాత్రలు

ఎనిమిదేళ్లుగా ఈ మాట నోటి దాకా వచ్చి వెనక్కి పోతోంది. ఇంట్లో చెప్పలేదు. దేవుడి ముందు నిలబడి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలనేమో.

మాది చెన్నై సౌకార్‌పేటలో తాతల నాటి దాణా కొట్టు. అది నా చేతికి వచ్చాక, అంబత్తూరులో చిన్న షెడ్డు తీసుకుని గుర్రాలకు బలం పొడి తయారు చేయడం మొదలుపెట్టాను. అవిసె గింజలు, ఈస్టు, కొన్ని విటమిన్లు. మంచి సరుకే. తిన్న గుర్రం ఒళ్లు నిగనిగలాడేది. అంతవరకు అబద్ధం లేదు.

మా దగ్గర దాణా కొనే గోవిందు మెరీనా బీచ్‌లో పిల్లల్ని గుర్రమెక్కించి తిప్పేవాడు. ఉన్నది ఒకే ఆడగుర్రం, పగడం. ఒక ఏడాది దాని మొహం మీద, కాళ్ల మీద పొక్కులు లేచి, పగిలి, చెక్కులు కట్టాయి. పశువుల డాక్టరమ్మ చర్మం ముక్క తీసి పరీక్ష చేయించింది. ఒంటిని కాపాడాల్సిన శక్తే సొంత చర్మం మీద తిరగబడే జబ్బంది. పూర్తిగా పోదు, స్టెరాయిడ్ మాత్రలతో అదుపులో ఉంటుంది, వాటిని మెల్లగా తగ్గించాలే తప్ప ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుందంది. మా పొడి కూడా పెట్టుకోవచ్చు, చర్మానికి కాస్త మేలంది. అప్పుడు నేను పక్కనే ఉన్నాను. అన్నీ విన్నాను.

మూడు నెలల్లో చర్మం బాగుపడింది. నేను ముందొక ఫోటో, తర్వాతొక ఫోటో తీసి, రెండూ పక్కపక్కన మా డబ్బా మీద అచ్చు వేయించాను. మాత్రల ఊసు ఎత్తలేదు. అబద్ధమేమీ రాయలేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. రాయకుండా వదిలేసింది అబద్ధం కాదా?

ఒక ఉదయం, గుర్రపు స్వారీ నేర్పే బడి ఆయనెవరో పొడి చూడ్డానికి మా కొట్టుకు వచ్చాడు. అదే సమయానికి గోవిందు వచ్చాడు.

"ఏం గోవిందూ, నీ పగడం పెద్ద స్టారైపోయిందే!" అన్నాను.

"ఆమాన్నా. ఆడ బీచ్‌లో నన్నెవడూ పలకరించడు, దాన్నే అడుగుతా ఉండారు. సినిమాలో ఛాన్సొస్తే దానికి నేనే మేనేజరు." నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "అన్నా, పొడితోనే తగ్గిపోయింది కదా. ఇంక ఆ మాత్రలెందుకు? గిట్టలు చెడిపోతాయంటా ఉండారు. ఆపేసేదా?"

తన గుర్రమే డబ్బా మీద కనబడుతుంటే మనిషి నమ్మడా? గోవిందు మాట వినపడని స్వారీ బడి ఆయన, నేనేమంటానా అని నా మొహంలోకే చూస్తున్నాడు. డాక్టరమ్మను అడుగు అంటే చాలు. కానీ అంటే, ఆ ఫోటో వెనక డాక్టరమ్మ మాత్రలున్నాయని ఆయనకు తెలిసిపోతుంది.

"పొడి చాల్లే గోవిందూ," అన్నాను.

ఆ రోజే ఆపేశాడు. పది రోజులకు పొక్కులు మళ్లీ లేచాయి. జ్వరం, కాళ్ల వాపు. మేత ముట్టలేదు. డాక్టరమ్మ వచ్చేసరికి ఆలస్యమైంది. పొక్కులు లేచిన నాలుగో రోజు పగడం చనిపోయింది.

నిజం చెప్పాలనే వెళ్లాను, నమ్మండి. నేను నోరు తెరిచేలోపే గోవిందు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "మాత్రలాపినందుకని డాక్టరమ్మ అంటాది గానీ, తప్పు నాదేన్నా. రెండు చెంచాలు పెట్టమని డబ్బా మీదుంటే, ఇంకొన్నాళ్లు వస్తాదని ఒకటే పెడతా వచ్చినా."

"కొలత తగ్గించకూడదు గోవిందూ," అన్నాను.

కొట్లో అన్న మాటకు పక్కనున్న మనిషి కారణమని చెప్పుకోవచ్చు. ఈ మాటకు? అక్కడ మేమిద్దరమే ఉన్నాం.

ఆ ఏడాదే పొడి తయారీ మానేశాను. గిట్టుబాటు కాలేదని ఇంట్లో చెప్పాను. పోయిన నెల బీచ్‌లో గోవిందును చూశాను. ఇప్పుడు వేరేవాళ్ల గుర్రం తిప్పుతున్నాడు. బక్క గుర్రాన్ని పట్టుకున్న ఒకతనితో అంటున్నాడు: "ఏం పెట్టినా కొలత మాత్రం తగ్గించబాక. నేను తగ్గించి నా బిడ్డను చంపుకున్నా." నేను వెనక్కి తిరిగి వచ్చేశాను. ఆ రోజు కూడా.

రేపు గోవిందు దగ్గరికి వెళ్తానని రాయబోయి ఆగాను. ఇన్నేళ్లూ వెళ్లనివాడి మాట మీరెందుకు నమ్మాలి? అందుకే చేతనైనంత వరకు ఇక్కడ రాస్తున్నాను. పగడం మాత్రలు ఆగిపోయి చనిపోయింది. ఆపమన్నది నేను. తెలిసే అన్నాను. గోవిందు తప్పు ఇసుమంత కూడా లేదు.

ఈ నాలుగు మాటలకు ఎనిమిదేళ్లు పట్టింది. రాశాను.