గేటు ముందు పొయ్యిలు

మా కాలనీ ఇళ్ళకు మట్టి మోసిందీ, ఇటుకలు అందించిందీ బస్తరు అడవి దాటి వచ్చిన కూలీలే. ఇళ్ళు లేచాక వాళ్ళు ప్రహరీ అవతల, పాల్వంచ రోడ్డు పక్కన గుడిసెలు వేసుకుని ఉండిపోయారు. మా గోడకు బయటివైపున్న ఒక్క కుళాయే వాళ్ళకు దిక్కు. ఎనభైల్లో ఒక ఎండాకాలం, మా కాలనీ కమిటీ సెక్రటరీ దాని మూతికి సిమెంటు పెట్టించాడు.

నేను అడగడానికి వెళితే, "వాళ్ళు ఈ ఊరివాళ్ళు కాదమ్మా" అన్నాడు.

"మా నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలం కొన్నాడు. ఆయన్ని ఏ ఊరోడివని ఎవరూ అడగలేదే? పొలం కొంటే ఊరోడు, మట్టి మోస్తే పరాయోడా? ఇంతకీ తమరిది ఏ ఊరు?"

ఆయనది గుంటూరు. తర్వాత మా ఆయనతో "మీ ఆవిడకు కాస్త చెప్పుకోండి" అన్నాడట. నాకు చెప్పి చూడడం మా ఆయన పెళ్ళయిన కొత్తలోనే మానేశాడు.

అప్పుడు నేను కాలనీ బడిలో టీచరును. సాయంత్రం గుడిసెల దగ్గర అందరం కూర్చున్నాం. గేటు ముందు బైఠాయిద్దాం అన్నాను. వాళ్ళలో పెద్దదైన అవ్వ మూతి తిప్పింది.

"ఉత్తగ కూసుంటే లేవగొడ్తరు టీచరమ్మా. వంట పెడదాం. ఎసరు పెట్టిన పొయ్యిని ఎవడు తంతడు?"

తెల్లారేసరికి గేటుకు అడ్డంగా పొయ్యిలు వెలిగాయి. వాగు చెలమల్లో తోడుకొచ్చిన నీళ్ళతో ఎసరు పెట్టారు. కాలనీవాళ్ళను డ్యూటీకి తీసుకుపోయే షిఫ్టు బస్సు గేటు లోపలే ఆగిపోయింది.

"పోనియ్యవయ్యా!" అని అరిచాడు సెక్రటరీ.

డ్రైవరు ఇంజను ఆపి బీడీ ముట్టించాడు. "మండే పొయ్యి మీదికెంచి బండి తోలమంటవా సారూ? నాకు పిల్లలున్నరు. నువ్వే తోలు."

"అయితే నీళ్ళు పోసి ఆర్పండి!"

"ఏ నీళ్ళు? నల్లా బంద్ వెట్టినవ్ గద!" అంది ఒక పడుచు. బస్సులోంచి కూడా నవ్వులు వినిపించాయి.

ఆయన వాచ్‌మన్‌ను ఉరికించి లోపలి నుంచి బకెట్టు నీళ్ళు తెప్పించాడు. వాచ్‌మన్ పొయ్యిల దాకా వచ్చి, పోయడానికి చేతులు రాక నిలబడిపోయాడు. అవ్వ ఆ బకెట్టు అందుకుని తన కుండలో వంచుకుంది.

"ఎసరు తక్కువైంది బిడ్డా, మంచిగ తెచ్చినవ్. ఇంకోటి తే."

సెక్రటరీ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "సాయంత్రం మీటింగులో మాట్లాడదాం."

"మాట్లాడండి. అప్పటిదాకా అన్నం ఉడుకుతూ ఉంటుంది."

షిఫ్టు దాటిపోతోందని బస్సులోని వాళ్ళు ఆయన మీద పడ్డారు. వాళ్ళలో ఒకడు ఉలి, సుత్తి పట్టుకుని దిగాడు. కుళాయి మూతికున్న సిమెంటు పెళ్ళలుగా ఊడింది. ముందు ఎర్రటి తుప్పు నీళ్ళు, తర్వాత మంచివి.

పొయ్యిలు ఒక పక్కకు జరిపి బస్సుకు దారిచ్చాం. బస్సు పోగానే, అన్నం ఇంకా ఉడకలేదని మళ్ళీ అడ్డంగా జరిపాం. సెక్రటరీ స్కూటరు గేటు దాకా వచ్చింది. మేం విస్తరాకులు పరుచుకుని తింటున్నాం. ఆయన హారను కొట్టాడు. అవ్వ తలెత్తలేదు. ఆవిడ తిని, కుళాయి దగ్గర తీరిగ్గా చెయ్యి కడుక్కుని వచ్చేదాకా ఆయన ఇంజను ఆపుకుని నిలబడ్డాడు.