బాపు చూసిన పాట

నేను పాటలకు బాణీలు కడతాను. సినిమాలకు కాదు. దేశాలకు దేశాలే పోటీపడే పాటల పండుగలుంటాయి, వాటికి. ఒక్కో దేశం తన తరఫున ఒక పాటను పంపుతుంది. అది మూడు నిమిషాలు దాటకూడదు. నేను చూడని దేశం తరఫున, నేను కలవని పిల్ల, నాకు రాని భాషలో పాడుతుంది. బాణీ మాత్రం సూరత్‌లో, ఉధ్నా పేటలో, మా అద్దింటి మేడమీది గదిలో పుడుతుంది. ఈ సంగతికి, బతుకుతెరువుకు వచ్చిన తెలుగు నేతగాళ్ళుండే మా గల్లీ అంతా నవ్వుతుంది.

"గాళ్ల దేశంల పాటలు గట్టెటోళ్లే లేరా?" అంటుంది పక్కింటి అత్త. "పెండ్లి బ్యాండోళ్లకన్న కట్టు బిడ్డా, జర పేరొస్తది."

నవ్వుకోనీ. ఆ గదిలో నేనుండే లోకం వాళ్ళకేం తెలుసు? కింద సాంచలు, అదే మరమగ్గాలు, పొద్దంతా ఆడుతుంటాయి. కాసేపటికి ఆ చప్పుడు చెవుల్లోంచి జారిపోతుంది. కిటికీలోంచి పోగుల నూగు తేలుతూ వస్తుంది. మంచును నేనెన్నడూ చూడలేదు, నాకు అదే మంచు. ఆ తెల్లదనంలో ఎవరో మెల్లగా నడిచిపోతున్నట్టు ఒక రాగం వస్తుంది. దాని వెంట నేనూ నడుస్తాను. అమ్మ అన్నానికి పిలిచేదాకా తిరిగి రాను.

మా నాన్నను మా వాడుకలో బాపు అంటాం. ఆయన చెవులను ఆ సాంచలే తిన్నాయి. మొదట సన్నని శబ్దాలు పోయాయి, తర్వాత నా గొంతూ ఆయనకు వినిపించకుండా పోయింది. చెవికి మిషన్ పెట్టిస్తే తలలో గోలంటూ తీసి అల్మారాలో పడేశాడు. ఆయనతో మాట్లాడాలంటే ఎదురుగా కూర్చుని పెదవులు కదపాలి. కార్ఖానాలో అందరూ అట్లాగే మాట్లాడుకుంటారు. అరిచి లాభం లేదు గనుక గొంతే వాడరు. నాకూ అదే అలవాటైంది. ఒకసారి పరదేశపు జట్టుతో వీడియో కాల్‌లో ఉండగా కింద సాంచలు జోరందుకున్నాయి. నేను టక్కున గొంతు ఆపేసి, ఉత్త పెదవులతోనే చరణం సంగతంతా వివరించాను. పాపం, వాళ్ళు తమ స్పీకర్లు చెడిపోయాయనుకుని తీగలు పీకి చూసుకున్నారు.

నా పాటలు చాలావరకు మొదటి వడపోతలోనే పోతాయి. వాటికి ఏడవడం ఎప్పుడో మానేశాను. నా బాధ ఒక్కటే. నా పాట బాపు వినలేదు. ఇక వినడు కూడా. అమ్మ వింటుంది, మెచ్చుకుంటుంది. కాకిపిల్ల కాకికి ముద్దు! బాపు అట్లా కాదు, నచ్చకపోతే మొహమ్మీదే చెప్పేవాడు. ఆ మాట కోసం నేను మొహం వాచిపోయి ఉన్నాను.

బాణీ కట్టేటప్పుడు మాటలుండవు. నోటికొచ్చిన తెలుగు ముక్కలు పెట్టి పాడి పంపుతాను. అక్కడి కవి వాటిని తీసేసి తన మాటలు పెడతాడు. పోయినేడు ఒక పల్లవి చివర "బాపూ, బాపూ" అని పాడి పంపాను. పెదవులు మూసి తెరిచే ఆ పిలుపు దగ్గర రాగం చక్కగా నిలిచింది. అర్థం తెలియకపోయినా కవికి అది ముద్దొచ్చిందట. మిగతావన్నీ మార్చి దాన్ని అట్లాగే ఉంచాడు. నేనూ వద్దనలేదు.

ఆ పాట చివరి పోటీ దాకా వెళ్ళింది. పోటీ జరిగిన మర్నాడు పొద్దున టీవీలో పెట్టుకుని చూశాం. గెలవలేదు. కిందినుంచి వెతికితే మా పేరు తొందరగా దొరుకుతుంది. అయినా అమ్మ చప్పట్లు కొట్టింది. బాపు సాసర్‌లో చాయ్ పోసుకుని, నా మర్యాద కోసం తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. పల్లవి వచ్చింది. నీలి వెలుగులో ఆ పిల్ల ముఖం తెరంతా నిండింది.

బాపు సాసర్ కింద పెట్టాడు.

"బిడ్డా, గా పిల్ల బాపూ అంటాంది గదా? ఎవల్ని పిలుస్తాంది?"

నేను ఆయనకెదురుగా జరిగి కూర్చున్నాను. ఆయనకు పెదవులు చాలు.

"నిన్నే, బాపూ."

పాట అయిపోయింది, ఇంకెవరో వచ్చి పాడుతున్నారు. మళ్ళీ తెర వైపు తిరిగిన ఆయన కళ్ళు తిప్పలేదు.

"మల్ల పెట్టు బిడ్డా," అన్నాడు. "గీసారి పలుకుత."