అక్క బాతులు, నా పదకొండు తిట్లు

ఆ రోజుల్లో మేం మనుషుల్లేని మేడను తుడిచేవాళ్ళం. ఇప్పుడు రాయదుర్గంలో మెట్రో దిగితే కాలు మోపే సందు దొరకదు గానీ, ఆఫీసులన్నీ ఇళ్ళలోకి వెళ్ళిపోయిన ఆ కాలంలో అదే రోడ్డు మీద మధ్యాహ్నం రెండింటికి కుక్క అడ్డంగా పడుకుని నిద్రపోయేది. దాన్ని లేపడానికి ఒక్క కారు వచ్చేది కాదు. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. అద్దాల బిల్డింగులో ఆరో అంతస్తు హౌస్‌కీపింగు నాదీ, మా పిట్టదీ. పిట్ట అంటే నా స్నేహితురాలు. పాలమూరు పిల్ల, మనిషి చిన్నది, నోరు ఆగదు, అందుకని ఆ పేరు పెట్టింది నేనే. ఇద్దరం కొత్తగూడలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళం. ఏడో తరగతితో నా చదువు అయిపోయింది గానీ, చూసింది మరిచిపోవడం మాత్రం నాకు చిన్నప్పటి నుంచీ రాదు. (మా ఇంటాయన దీన్ని గుణం అనడు, రోగం అంటాడు.)

ఆ అంతస్తు ఎలా ఉండేదో చెప్పాలి, లేకపోతే మా భయం మీకు అర్థం కాదు. కుర్చీల మీద కోట్లు వేసినవి వేసినట్టే ఉన్నాయి. గోడ మీది క్యాలెండర్లన్నీ మార్చిలోనే ఆగిపోయాయి. ఒకరి బల్ల మీద సగం తాగిన టీ కప్పు ఎండి, అడుగున నల్లటి చంద్రుడిలా మిగిలింది. లైట్లు మనిషి కదిలితే వెలుగుతాయి, కదలకపోతే ఆరిపోతాయి. అన్నం తింటూ కాసేపు మాటల్లో పడితే చుట్టూ చీకటి పడేది, పట్టపగలే. అప్పుడు ఇద్దరిలో ఒకరం చెయ్యి పైకెత్తి ఊపాలి. ఎవరూ వాడని బాత్రూములను గంట గంటకూ తుడిచి, తలుపు వెనక అంటించిన కాగితం మీద టైము వేసి సంతకం పెట్టడం మా డ్యూటీ. ఎవరి కోసం పెడుతున్నామో మాకే తెలియదు. ఒక్కోసారి మేమిద్దరం ఇక్కడ కూర్చునుండగా, అంతస్తు ఆ చివర లైట్లు టప్పున వెలిగేవి. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని, ముద్ద గబగబా మింగేవాళ్ళం.

పిట్టకు ఫోనులో ఒక ఆట ఉండేది. అందులో ఒక ఊరు, ఊరిలో ఎవరి ఇల్లు వాళ్ళది, పెరట్లో బాతులు. రోజూ గింజలు వేస్తే బాతులు బలుస్తాయి, మూడు రోజులు మరిచిపోతే బక్కచిక్కిపోతాయి. పక్కింటికి పోవచ్చు, గుమ్మం పక్కనుండే వాళ్ళ పోస్టు డబ్బాలో మాట రికార్డు చేసి వేసి రావచ్చు. పిట్ట పక్కిల్లు వాళ్ళ అక్కది. అక్క ఆ జబ్బు కాలంలో పెద్ద దవాఖానలో చేరి, మళ్ళీ ఇంటికి రాలేదు. మంచం మీద నుంచి ఆటలో పిట్టకు ఒక మాట పంపింది, తొమ్మిది సెకన్లు. "ఏమే పిట్టా, రెండు దినాలల్ల వస్త. నా బాతులకు గింజలెయ్యి, మరువకు." అంతే. అక్క గొంతు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. పిట్ట రోజూ అన్నం డబ్బా తెరిచే ముందు ఆ తొమ్మిది సెకన్లు వినేది, తరువాత పోయి అక్క బాతులకు గింజలు వేసేది. నేను ఆ కాసేపూ పచ్చడి డబ్బా మూత తిప్పుతూ కూర్చునేదాన్ని.

ఒక రోజు ఆట తెరుచుకోలేదు. పాస్‌వర్డు తప్పు అంది. మళ్ళీ కొట్టింది, మళ్ళీ తప్పు. పిట్ట మాట్లాడకపోవడం నేను చూసింది అదే మొదటిసారి. పాస్‌వర్డు ఎవరికైనా చెప్పావా అని అడిగితే నన్ను బాత్రూముకు తీసుకుపోయి తలుపు వెనక కాగితం చూపించింది. మరిచిపోతానన్న భయంతో ఆ తల్లి దాన్ని 'రిమార్కులు' అన్న గడిలో రాసి పెట్టుకుంది. సూపర్‌వైజరన్న అది కొత్త ఫినాయిల్ పేరనుకుని పక్కన టిక్కు కూడా పెట్టాడు. ఆయనకు తన ఫోనులో ఫొటో తీయడమే రాదు, ఆయన దొంగ కాడు. మేం కాము. ఆ కాగితం చదవగలిగేవాళ్ళు ఆ అంతస్తులో ఇంకెవరున్నారని ఇద్దరం ఒకేసారి అనుకున్నాం. సరిగ్గా అప్పుడే, ఎవరూ చెయ్యి పెట్టకుండా మూడో కుళాయి నీళ్ళు వదిలింది. (ఆ కుళాయికి ఆ జబ్బు ముందు నుంచీ ఉంది. ఆ సంగతి గదికి పోయాక గుర్తొచ్చింది.)

ఆ ఆట నా ఫోనులోనూ ఉంది. నా బొమ్మను నడిపించుకుంటూ పిట్ట ఇంటి దాకా వెళ్ళి చూశాను. వస్తువులు దోచుకుపోయి ఉంటారనుకున్నాను, ఒక్కటీ పోలేదు. ఇంట్లో పిట్ట బొమ్మ మాత్రం లేదు. పక్కకు తిప్పితే కనబడింది. పచ్చ గౌను వేసుకున్న పిట్ట బొమ్మ, చచ్చిపోయిన అక్క గుమ్మం ముందు, తలుపు వైపు ముఖం పెట్టి నిలబడి ఉంది. ఆడటం లేదు, తిరగడం లేదు. పిట్ట ఫోను నా పక్కన బల్ల మీద ఆరిపోయి ఉంది. దాని బొమ్మ అక్కడ తల కొద్దిగా అటూ ఇటూ కదిలిస్తోంది, ఊపిరి తీసుకునే మనిషిలా.

మరునాడూ అంతే. రెండు గంటలకు వస్తుంది, అరగంట ఆ గుమ్మం ముందు నిలబడుతుంది, పోతుంది. మూడో రోజు అక్క పెరట్లోకి తొంగి చూశాను. బాతులు ఈపాటికి చిక్కిపోయి ఉండాలి. బొద్దుగా ఉన్నాయి. పిట్ట నా భుజం మీద నుంచి చూసి, చాలా మెల్లగా "అక్కనే" అంది. నేను ఆమెను కసిరాను గానీ, నా చేతి మీద వెంట్రుకలు నా మాట వినలేదు.

నాకు భయమేస్తే కోపం వస్తుంది. దొంగ ఎవరైనా సరే, వాడు డబ్బాలోని ఆ మాటను చెరిపేస్తే పిట్టకు ఇంకేమీ మిగలదు. అందుకని రోజుకొకటి చొప్పున పిట్ట ఇంటి డబ్బాలో తిట్లు రికార్డు చేసి వెయ్యడం మొదలుపెట్టాను. మా నల్గొండ మేనత్త దగ్గర నేర్చుకున్నవి కొన్ని, బిల్డింగులో కూర్చుకున్నవి కొన్ని. "నువ్వెక్కిన లిఫ్టు నడిమిట్ల ఆగ! నీ అన్నంల ఉప్పు రెండుసార్లు వడ! నీ ఫోను బకెట్ల మునుగ!" ఖాళీ అంతస్తులో నా గొంతు అద్దాలకు తగిలి వెనక్కి వచ్చి నన్నే తిట్టేది.

ఆ అంతస్తుకు వారానికి రెండుసార్లు సర్వర్లనే పెద్ద కంప్యూటర్లను చూసుకోవడానికి ఒక మేడం వచ్చేది. కడప ఆమె. మా గోల విని, ఆట కంపెనీకి రాసుకుంటే ఖాతా తిరిగి ఇస్తారని చెప్పి, ఇంగ్లీషు ఫారం తానే తెరిచింది. అందులో అడిగినవాటికి పిట్ట దగ్గర ఒక్క జవాబూ లేదు. నేను చెప్పుకుంటూ పోయాను. ఖాతా తెరిచింది బోనాలు అయిన మూడో రోజు, గదిలో కరెంటు పోయి ఉంది, అక్క సర్వపిండి తెచ్చింది. ఇంటికి మొదట పెట్టిన పేరు 'పిట్టగూడు'. అప్పటికి పిట్టకు ఫోను లేదు, అక్క ఫోనులోనే తెరిచారు, ఎర్ర ఫోను, మూల పగిలితే పగులు మీద తిలకం బొట్టు అంటించి ఉండేది. ఫోను మోడలు ఏమిటని అడిగింది మేడం. ఆ ఫోను డబ్బాలో మేం పిన్నీసులు పెట్టుకునేవాళ్ళం. డబ్బా మీది అక్షరాలు నాకు బొమ్మల్లా గుర్తున్నాయి, వరసగా గీసి చూపించాను. మేడం నా వైపు చూసి "ఏం బుర్ర పాపా నీది, మా సర్వర్లకు గూడా ఇంత లేదు" అంది. నేను వారం రోజులు ఆ మాటతోనే బతికాను.

జవాబు నాలుగు రోజులకు వచ్చింది. మేడం నిలబడి చదవడం మొదలుపెట్టి, సగంలో కుర్చీ లాక్కుంది.

"మీరు చెప్పినవన్నీ సరిపోయినాయంట. ఖాతా మీదేనని ఒప్పుకున్నారు. కానీ పాపా, అది ఇప్పుడు కూడా నడస్తాండాదంట. మీరు రాసిన ఆ మొదటి ఫోన్లోనే."

పిట్ట ముఖం తెల్లబడింది. అక్క ఫోను దవాఖానలోనే పోయింది, మనిషితో పాటు. వాళ్ళ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి అది. మేడంకు ఆ మాట నేనే చెప్పాను. ముగ్గురం కదలకుండా ఉండిపోయాం, కాబట్టి లైట్లు ఆరిపోయాయి. ఎవరమూ చెయ్యి ఎత్తలేదు.

ఆ చీకట్లోనే మేడం మిగతాది చదివింది. ఆ ఫోను మీది కాకపోతే కింద నొక్కండి, దాన్ని ఇక ఎప్పటికీ రాకుండా బయటికి పంపేస్తాం అని ఉంది. నేను నొక్కేద్దామనే వేలు చాపాను. పిట్ట నా వేలు పట్టుకుంది.

"అక్కను బయటికి పంపుతవా?"

రెండు కావస్తోంది. నా ఫోను తీసి చూస్తే పచ్చ గౌను బొమ్మ గుమ్మం ముందుకు వచ్చేసి ఉంది. అప్పటికి పదకొండు తిట్లు అయ్యాయి. పన్నెండోది నోటికి రాలేదు. "ఎవరు మీరు? ఒక్క మాట చెప్పండి" అన్నాను, మా ఊళ్ళో పెద్దవాళ్ళతో మాట్లాడే గొంతుతో. దాన్ని పిట్ట డబ్బాలో వేసి, ఎదురు చూశాం. నా డబ్బా మీద ఎర్ర చుక్క వెలిగింది. నొక్కితే ముందు ఊపిరి వినబడింది. పొడుగ్గా ఒక ఊపిరి, ఇంకొకటి. మేడం దేవుడి పేరు చెప్పుకుంది. ఆ తరువాత ఒక దగ్గు, దూరంగా కారు హారను, గేటు కిర్రుమన్న చప్పుడు.

పిట్ట ఒక్కసారిగా లేచి నిలబడింది. దాని కదలికకు అంతస్తు లైట్లన్నీ వెలిగాయి. "గా దగ్గు మా బావది" అంది.

డ్యూటీ దిగగానే మణికొండ వెళ్ళాం. పిట్ట వాళ్ళ బావ, అక్క మొగుడు, అక్కడ ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. గేటు పక్క గదిలో, ఛార్జింగులో ఎర్ర ఫోను, మూల మీద తిలకం బొట్టు. దవాఖానవాళ్ళు అక్క వస్తువులు కవరులో కట్టి నెలల తరువాత పంపారట. ఆయన దాన్ని తెరవలేక పక్కన పెట్టి, ఈ మధ్యనే తెరిచాడట. ఆటలో అక్క పేరు పాస్‌వర్డు అడిగింది, పిట్ట పేరు నొక్కితే అడగకుండానే తెరుచుకుంది. చాలా రోజులకు వచ్చారు, కొత్త పాస్‌వర్డు పెట్టుకోండి అని ఏదో వస్తే, పెట్టాడు. దానితో పిట్ట ఫోనులో ఆట తెరుచుకోకుండా పోతుందని ఆయనకు తెలియదు. మధ్యాహ్నం అన్నం టైములో అక్క ఇంటి ముందుకు పోయి నిలబడటం, బాతులకు గింజలు నొక్కడం, ఆయనకు వచ్చిన ఆట అంతే.

మాకెందుకు చెప్పలేదని పిట్ట ఏడుస్తూ అడిగింది. ఆయన ఫోనును టవలుతో తుడిచాడు. "దవాఖానల నన్ను లోపలికి రానియ్యలే బిడ్డా. ఆఖరుకు ఏం మాట్లాడిందో నాకు తెల్వదు. నీ డబ్బాల ఉన్నదని తెలిసి ఇన్న. ఫోను చూస్తే నువ్వు అడుగుతవు, నేను ఇయ్యలేను."

నేను తలుపు చాటుకు జరిగాను. ఆయన నన్ను చూడనే చూశాడు. "తిట్టే పిల్ల నువ్వేనా" అన్నాడు. నేల చూశాను. "లిఫ్టు ఆగింది మల్ల. మొన్న మూడో అంతస్తుల, అరగంట. లోపల నేనొక్కన్నే." 'సారీ అన్నా' అనబోతే చెయ్యి అడ్డం ఊపాడు. "మా ఆమె గిట్లనే తిడుతుండె. ఇల్లు సప్పుడు లేకుంట అయినంక, రోజూ రెండు గొట్టంగ ఒకరు తిడుతున్నరని ఎదురు చూసేటోన్ని."

కంపెనీ చెప్పిన ఆ బటన్ మేం నొక్కలేదు. కొత్త పాస్‌వర్డు బావ చెప్పాడు, పిట్ట ఈసారి దాన్ని నా బుర్రలో దాచింది. ముగ్గురం గింజలు వేయడంతో ఆ బాతులు నడవలేనంత లావైపోయాయి. ఆరో అంతస్తు చివర లైట్లు ఎందుకు వెలిగేవో మాత్రం ఇప్పటికీ తెలియదు.

నేనిప్పుడు కూకట్‌పల్లిలో ఉంటున్నాను, ఇద్దరు పిల్లల తల్లిని, తిట్లు చాలావరకు మానేశాను. మొన్న పిట్ట వచ్చినప్పుడు టీ తాగుతూ తన డబ్బా తెరిచి చూపించింది. పైన అక్క తొమ్మిది సెకన్లు, దాని కింద వరసగా నా పదకొండు తిట్లు. ఒక్కటీ చెరపలేదు. వింటూ ఇద్దరం కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వాం. నవ్వు ఆగాక ఒకటి గమనించాను. ప్రతి తిట్టుకూ ముందు ఆ ఇరవై ఏళ్ళ పిల్ల ఒక్క క్షణం ఆగుతోంది, అవతల నుంచి ఎవరైనా పలుకుతారేమోనని వింటున్నట్టు. బాతులకు గింజలు పడ్డాయా అని అడిగాను. "పొద్దుగాలనే బావ ఏసిండు" అంది పిట్ట. అయినా ఇంకో గుప్పెడు వేశాను.